తాండూరు నీలం బండలు: మేస్త్రీ లేకుండా పెరట్లో పరుచుకున్నాక నా రివ్యూ

రాయికి ఐదుకి నాలుగున్నర, అమ్మిన డిపోకి మూడు, బండలు దించిన హమాలీలకి ఐదుకి ఐదు. తొందరలో ఉన్నవాళ్లకి ఇంతే సంగతి. పెరట్లో మన చేతులతో మనమే బండలు పరుచుకుందామని చూస్తున్నవాళ్లు మాత్రం కాస్త తీరిగ్గా చదవండి, ఎందుకంటే ఈ పని మొత్తంలో రాయి కొనడం అన్నిటికంటే సులువు, దాని కింద ఏం వేస్తారన్నదే అసలు పని, ఆ సంగతి డిపోవాళ్లు చెప్పరు, మేస్త్రీలు అసలే చెప్పరు.

మాది సంగారెడ్డి వైపు. వంటింటి వెనక తలుపు తీస్తే 15 అడుగుల గోడ పొడవునా, 12 అడుగుల వెడల్పున ఖాళీ జాగా, ఒక మూల జామచెట్టు, ఇంకో మూల కరివేపాకు. నల్లరేగడి నేల. వానాకాలం ఆ బురద చెప్పులకి అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది, ఎండాకాలం అదే మట్టి వేలు దూరేంత నెర్రెలిస్తుంది. నాకు కావలసింది సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి, మిరపకాయలు, వడియాలు ఆరబెట్టుకోవడానికి ఒక శుభ్రమైన చోటు. మేస్త్రీని పిలిస్తే చుట్టూ ఒకసారి చూసి, పాలిష్ బండలు, కింద సిమెంటు బెడ్డు, లేబరు అన్నీ కలిపి 45 వేలు అన్నాడు. డబ్బు సంగతి అటుంచి ఆ పద్ధతే నాకు నచ్చలేదు. నల్లరేగడి మీద నేరుగా సిమెంటు బెడ్డు వేస్తే రెండు మూడు వానాకాలాల తర్వాత ఏమవుతుందో మా కాలనీలో ఇంటింటి ముందూ కనిపిస్తూనే ఉంది, ఒక బండ లేచి, ఒకటి కుంగి, మధ్యలో అడ్డంగా పగులు. "అట్లనే ఉంటది మేడమ్, మళ్లీ వేసుకోవాలె" అన్నాడు. మళ్లీ వేసుకోవాల్సిందే అయితే ముందు ఒకసారి నేనే వేసుకుంటా అనుకున్నాను. మా ఆయన నవ్వాడు. మా తమ్ముడు మాత్రం సెలవుల్లో వస్తానన్నాడు, వచ్చాడు కూడా.

తాండూరే ఎందుకంటే, ముందు దగ్గర. వికారాబాద్ జిల్లా తాండూరు హైదరాబాద్ నుంచి దాదాపు 110 కిలోమీటర్లు, రవాణా భారం తక్కువ. రెండోది ఆ రాయి పుట్టుకలోనే ఒక సుగుణం ఉంది. ఇది సున్నపురాయి, కోట్ల ఏళ్ల కింద నీళ్ల అడుగున పొర మీద పొరగా పేరుకున్నది, అందుకే గనిలో పలుగు పెట్టి లేపితే ఆ పొర వెంబడే పలకలుగా వస్తుంది. పై ముఖం సహజంగానే చదునుగా, కొంచెం గరుకుగా ఉంటుంది, అంటే మిషన్ మీద కోయకపోయినా, పాలిష్ పట్టకపోయినా నడవడానికి పనికొస్తుంది. కర్ణాటకలో కలబురగి జిల్లా షాబాద్ బండ కూడా ఇదే భీమా పరీవాహక ప్రాంతపు రాయి, డిపోల్లో పక్కపక్కనే పెడతారు, ధరలో పెద్ద తేడా లేదు. ఇదే జాతి రాయితో సిమెంటు కూడా తయారవుతుంది, తాండూరులో కేంద్ర ప్రభుత్వ సిమెంటు కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉన్నది అందుకే.

ఆంధ్ర వైపు ఉన్నవాళ్లకి దీనికంటే నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలు దగ్గర పడతాయి, అవీ సున్నపురాయే, నేను కింద చెప్పే పద్ధతి వాటికీ అలాగే సరిపోతుంది. కడప నల్ల బండ చూశాను, చూడముచ్చటగా ఉంది, కానీ వంటింటి గట్టుకీ అల్మరా అరలకీ వాడుకునే ఆ నల్లదాన్ని మే నెల ఎండలో పరిస్తే దాని మీద కాలు ఎవరు పెడతారు? గ్రానైట్ గట్టిది, నిమ్మరసం పడ్డా చలించదు, కానీ ఇంట్లో ఉండే చిన్న కటింగ్ మిషన్‌తో దాన్ని కోయడం చాలా కష్టం. సిమెంటు పేవర్ బ్లాకులు సులువే, ఒప్పుకుంటాను, చేతిలో ఇమిడే సైజు, ఒకే మందం, ఎవరైనా పరచగలరు. నాకు వాటిని చూస్తే పెట్రోలు బంకు గుర్తొస్తుంది, అంతే, ఇంకే కారణమూ లేదు.

తాండూరులో నీలం, పసుపు రెండు రకాలు. నీలం అని పేరే గానీ పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు, తడిస్తే అసలు నీలం బయటికొస్తుంది. పసుపు రంగుది ఎండకి కాస్త తక్కువ కాలుతుంది, కానీ మా నల్లమట్టి పాదం పడితే దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని నీలం తీసుకున్నాను.

ఇక డిపో. ఊరి బయట రోడ్డు పక్కన బండలు నిలబెట్టి అమ్మే డిపోల్లో ఒకటి, పేరు అనవసరం, అన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. వెళ్లగానే పాలిష్ బండల వైపు తీసుకెళ్తారు. ఆగండి. ఆరుబయట పాలిష్ బండ వద్దే వద్దు, వానపడితే జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో అయితే మరీ ప్రమాదం. "రఫ్ కావాలి" అంటే వెనక ఎక్కడో మూలన ఉన్నవాటిని చూపిస్తారు. 2 బై 2 అడుగుల సైజు, ఇంచుంపావు మందం అని అడిగాను. చదరపు అడుగు 38 రూపాయలకి తెగింది.

బండ కొనేటప్పుడు చూసుకోవలసినవి నాకు ఆ డిపోలో పనిచేసే ఒక పెద్దాయన చూపించాడు, ఓనరు కాదు. బండని అంచు మీద నిలబెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్నదీ, పొర విడిపోయినదీ డొక్కు శబ్దం చేస్తుంది. తర్వాత అంచుని కళ్ల దగ్గర పెట్టుకుని చూడాలి, వెంట్రుకంత సన్నటి గీత అంచు పొడవునా కనిపిస్తే అది పొర, ఇవాళ కాకపోయినా రేపు పెచ్చులుగా లేస్తుంది. నేను చూస్తుండగానే ఆయన అలాంటి గీతలో గోరు పెట్టి నాణెమంత మందం పెచ్చు లాగేశాడు. ఆ తర్వాత నేను ప్రతి బండనీ తట్టి చూసుకున్నాను, ఓనరు విసుక్కున్నా సరే. తెల్లటి గీతలు రాయి మధ్యలో ఉంటే భయపడనక్కర్లేదు, అది రాతిలో భాగమే, అంచు వెంబడి పొరకి సమాంతరంగా ఉన్న గీతే అనుమానించాల్సింది.

డిపోకి రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే. మొదటిది మందం. ఇంచుంపావు అన్నవి ఇంటికొచ్చాక కొలిస్తే కొన్ని ఇంచి కూడా లేవు, కొన్ని ఇంచుముప్పావు దాటాయి. చేతితో తీసిన రాయి కాబట్టి కొంత తేడా సహజం, అది నాకూ తెలుసు, కానీ ముప్పావు ఇంచు తేడా అంటే సిమెంటు బెడ్డు లేకుండా పరిచేవాళ్లకి తల ప్రాణం తోకకొస్తుంది. రెండోది, లోడు అడుగున ఉన్న బండల్లో నాలుగింటికి మూలలు విరిగి ఉన్నాయి. ఫోన్ చేస్తే "రాయి అన్నాక విరగదా మేడమ్" అని సమాధానం. వెళ్లి నిలబడితే రెండు మార్చి ఇచ్చారు. మూడోది చాలామంది గమనించరు: 2 అడుగుల బండ అని బిల్లు వేస్తారు, టేపు పెడితే ఇరవైమూడున్నర ఇంచులే. అంటే 4 చదరపు అడుగులకి డబ్బు తీసుకుని ఇచ్చేది మూడు ముప్పావు పైచిలుకు. ఇది ఆ ఒక్క డిపో చేసే పని కాదట, "మార్కెట్ రివాజు" అట. అయితే దీన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే బండకీ బండకీ మధ్య అర ఇంచు సందు వదిలితే సరిగ్గా రెండడుగుల లెక్క వచ్చేస్తుంది, కోత తగ్గుతుంది.

మా జాగా 180 చదరపు అడుగులు, అంటే 45 బండలు, విరిగేవాటి కింద ఇంకో ఐదు. రెండడుగుల బండ ఇంచి మందమే అయినా పాతిక కిలోలు తూగుతుంది, మందంవి ముప్పై దాటతాయి, మొత్తం కలిపి టన్నున్నర దాకా వచ్చింది. టాటా ఏస్‌లో ఒకే ట్రిప్పులో తెచ్చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దాని కెపాసిటీ అందులో సగమే. బొలేరో పికప్ పెట్టించుకోండి. హమాలీలు ఇద్దరే దించారు, ఒక్క బండ విరగ్గొట్టకుండా, ఇంటి పక్క సందులోంచి పెరటిదాకా మోసుకొచ్చి, గోడకి ఆనించి అంచుల మీద నిలబెట్టి వెళ్లారు. "పండబెట్టకు అక్కా, ఒకదాని మీద ఒకటి పెడితే కింది బండ పగుల్తది" అని వాళ్లు చెప్పిందే ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఉచితంగా దొరికిన మంచి సలహా.

ఇప్పుడు నేల. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, దాని లోపలి బంకమట్టి గుణమే అంత. మీరెంత మందం సిమెంటు వేసినా కింద నేల కదిలితే పైన పగలాల్సిందే. కాబట్టి రెండు పనులు చెయ్యాలి: పైన ఉన్న నల్లమట్టిని వీలైనంత తీసేసి కదలని మట్టి నింపడం, పైన వేసేది కాస్త కదిలినా పగలకుండా ఉండేలా విడివిడిగా పరచడం. మేము ముప్పావు అడుగు లోతు తవ్వాం. ఎండిన రేగడిలో గడ్డపార దిగదు, బాగా తడిస్తే పారకి అంటుకుని వదలదు, ముందురోజు సాయంత్రం పైపుతో సన్నగా తడిపి పొద్దున్నే తవ్వితే తేలిగ్గా వచ్చింది. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారో ముందే ఆలోచించుకోండి, 180 అడుగుల జాగాలో ముప్పావు అడుగంటే 135 ఘనపు అడుగులు, తవ్వాక అది ఇంకా పొంగి కొండలా కూర్చుంటుంది. మాది జామచెట్టు పాదులోకి, పూలమళ్లలోకి, మిగిలింది పక్క ప్లాటాయన అడిగి తీసుకెళ్లాడు.

గుంతలో ఆరించుల ఎర్ర మొరం. ఒకేసారి పొయ్యకూడదు, రెండించులు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ రెండించులు. ఈ దిమ్మిస పనిలోనే చాలామంది బద్ధకిస్తారు, మా తమ్ముడు కూడా "చాల్లేవే" అని కూలబడ్డాడు. చాలదు. మడమతో గట్టిగా తొక్కితే అచ్చు పడకూడదు, అదీ లెక్క. జాగా పెద్దదైతే పెట్రోలుతో నడిచే కంపాక్టర్ అద్దెకి దొరుకుతుంది, మళ్లీ చేస్తే నేను అదే తెచ్చుకుంటాను. మొరం ట్రాక్టరున్నర పట్టింది.

వాలు సంగతి మర్చిపోవద్దు. ఇంటి గోడ వైపు ఎత్తుగా, బయటికి పల్లంగా, అడుగుకి పావు ఇంచు చొప్పున. మాకు 12 అడుగులకి మూడించులు. కంటికి ఇది తెలియదు, కుర్చీ కూడా వంగినట్టుండదు, కానీ నీళ్లు వెళ్లిపోతాయి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు కొద్ది డబ్బుకే దొరుకుతుంది, దానికి మించిన పనిముట్టు లేదు: రెండు చివర్లా నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి, గోడ మీద గీత పెట్టుకుని, అవతలి మేకు మీద మూడించులు కిందికి గుర్తు పెట్టి, దారం కట్టేస్తే అయిపోయింది. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి 3-4-5 లెక్క, ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు రావాలి. ఇంకో మాట, బండల పైమట్టం ఇంటి లోపలి ఫ్లోరు కంటే కనీసం ఆరించులు కిందికి ఉండాలి, లేకపోతే గాలివానకి నీళ్లు గడప దాటి వచ్చేస్తాయి.

మొరం మీద క్రషర్ డస్ట్, అంటే కంకర కొట్టే మిషన్ల దగ్గర మిగిలే రాతి పొడి, ఇంచిన్నర. ఇసుక కూడా వెయ్యొచ్చు, కానీ గుండ్రటి ఇసుక జారుతుంది, చీమలు మోసుకుపోతాయి, డస్ట్ గరుకుగా ఉండి కూర్చుంటుంది, ధర కూడా తక్కువ. డస్ట్ ఎంత తడి ఉండాలంటే గుప్పిట్లో నొక్కితే సున్నుండలా ముద్ద నిలబడాలి, నీళ్లు కారకూడదు.

బండలు పరిచే ముందు నేను చేసిన ఒక పని చాలా కలిసొచ్చింది. మందాన్ని బట్టి మూడు వరసలుగా విడగొట్టాను, పల్చనివి, మధ్యరకం, మందంవి, సుద్దముక్కతో అంచు మీద గుర్తు పెట్టి. ఒక వరసలో ఒకే రకం పరిస్తే డస్ట్ మట్టం కూడా ఆ వరసంతా ఒకటే ఉంటుంది, ప్రతి బండకీ మళ్లీ గీక్కోనక్కర్లేదు. పల్చనివి గోడవారన, నడక తక్కువ ఉండే చోట. మందంవి తలుపు ముందు.

పరవడం ఇలా. ఇద్దరు కావాలి, చేతికి గ్లౌజులు, కాళ్లకి చెప్పులు కాదు బూట్లు. బండని ఒక అంచు మీద నిలబెట్టి, ఆ అంచుని దాని స్థానంలో ఆనించి, మెల్లగా పడుకోబెట్టాలి. నేల మీద పెట్టి జరిపితే డస్ట్ అంతా ముందుకి కుప్పపడుతుంది. పడుకోబెట్టాక రబ్బరు సుత్తితో మధ్యలో, తర్వాత మూలల్లో కొట్టి, రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడాలి. ఇక్కడ మీరు బండ మీద నిలబడి ఒక్కో మూల మీద బరువు వేసి చూడండి. టక్ టక్ మని ఊగితే లేపాల్సిందే. లేపగానే కింద డస్ట్ మీద బండ అచ్చు ఉంటుంది: రాయి ఆనిన చోట నున్నగా, మెరుస్తూ ఉంటుంది, ఆననిచోట డస్ట్ పొడిపొడిగా, పోసింది పోసినట్టే ఉంటుంది. ఆ పొడి చోట ఒక గుప్పెడు వేసి, నున్నటి చోట తాపీ అంచుతో కొద్దిగా గీకి, మళ్లీ పడుకోబెట్టడం. మొదట్లో ఒక్కో బండకీ ఇలా నాలుగైదుసార్లు లేపాల్సి వచ్చింది, పోనుపోను చెయ్యి తిరిగింది. చివర్లో వేళ్ల కణుపులతో తట్టి చూడాలి, డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉందన్నమాట. సిమెంటు మీద వేసే మేస్త్రీలు చాలామంది నాలుగు మూలలా, మధ్యలో ఒక ముద్ద మాలు వేసి బండ పెట్టేస్తారు, మిగతాదంతా ఖాళీ, బరువైన కుండీ ఏదైనా ఆ ఖాళీ మీద పడితే బండ రెండు ముక్కలు. మీ ఇంట్లో బండల్ని ఒకసారి తట్టి చూసుకోండి, నేను అబద్ధం చెప్పడం లేదని తెలుస్తుంది.

15 అడుగుల్లో రెండడుగుల బండలు ఏడున్నర పడతాయి. ఆ అర బండని ఒక వరసలో ఎడమ చివర, తర్వాతి వరసలో కుడి చివర పెట్టుకుంటూ పోతే సందులు ఇటుక గోడలో మాదిరి తప్పుకుంటాయి, నాలుగు మూలలు ఒకేచోట కలవవు. మూడు బండలు కోస్తే ఆరు వరసలకి ఆరు సగాలు, లెక్క భలే కుదిరింది. కోయడానికి నాలుగించుల గ్రైండర్, డైమండ్ బ్లేడు. సున్నపురాయి మెత్తనిదే, వెన్నలా తెగుతుందని అనను గానీ బ్లేడు ఒక్కటే మొత్తం పనికి సరిపోయింది. రెండు వైపులా ఒక్కో గీత, మందంలో మూడోవంతు లోతు, ఆ గీత మీద ఉలి పెట్టి మెల్లగా కొట్టుకుంటూ పోతే దానంతటదే విడిపోతుంది. దుమ్ము మాత్రం భయంకరం, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఆ మిషన్ ముట్టుకోవద్దు, నీళ్లు పోస్తూ కోసేవాళ్లు ఆ ప్లగ్గుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) రక్షణ ఉందో లేదో చూసుకోండి, నీళ్లూ కరెంటూ ఒకే చేతిలో పెట్టుకుని చేసే పని ఇది. డ్రైనేజీ చాంబర్ మీద మూత కనిపించేలా వదలండి, అందం కోసం బండ కప్పేస్తే ఏదో ఒకరోజు తవ్వాల్సి వస్తుంది.

చుట్టూ అంచు కట్టకపోతే చివరి వరస బండలు బయటికి జారిపోతాయి. పనికిరాని ముక్కల్నే నిలువుగా పాతి, బయటి వైపు మాత్రం కాంక్రీటు వేశాం. సిమెంటు వాడింది అక్కడొక్కచోటే, అది కూడా నీళ్లు పోవడానికి పల్లం వైపు అక్కడక్కడా సందులు వదిలి. బండల మధ్య సందుల్లో పొడి డస్ట్ పోసి చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, కుంగాక మళ్లీ పోసి. మొదటి వానకి ఇంకొంచెం దిగుతుంది, ఒక బస్తా పక్కన ఉంచుకోండి.

ఖర్చు: బండలు 7,600, రవాణా, హమాలీ కలిపి 3,000, మొరం 4,500, డస్ట్ 2,000, బ్లేడు, సుత్తి, గ్లౌజులు వగైరా 1,500. అంచు సిమెంటుతో కలిపి 19 వేల లోపే. గ్రైండర్ తమ్ముడిది. మా శ్రమ లెక్కలో వేస్తే మేస్త్రీకి ఇచ్చిందే నయమని మా ఆయన ఇప్పటికీ అంటాడు, అన్నా ఆ కుర్చీలో ముందు కూర్చునేది ఆయనే.

ఇప్పుడు వాడకం. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా చూశాక చెప్తున్నాను. నీళ్లు నిలవలేదు, వాన ఆగిన కాసేపటికి సందుల్లోంచి ఇంకిపోయి నడవడానికి వీలవుతుంది. ఒక్క బండ జామచెట్టు పక్కది కొంచెం కుంగింది, గడ్డపారతో లేపి, రెండు గుప్పెళ్లు డస్ట్ వేసి పెట్టేశాం, కాఫీ తాగినంత సేపు పని. సిమెంటులో ఉంటే దాన్ని పగలగొట్టాల్సిందే. నీడ పడే మూలన మాత్రం ఆగస్టుకల్లా పాచి పట్టింది, రఫ్ బండ అయినా పాచి మీద జారుతుంది, గట్టి చీపురుతో నీళ్లు కొట్టి రుద్దితే పోతుంది, వానాకాలంలో మళ్లీ మళ్లీ చేస్తూ ఉండాలి. సందుల్లో గరిక వస్తే నాకు ఇష్టమే. తుంగ వస్తే మాత్రం గడ్డతో సహా లాగాలి, పైన పీకితే రెట్టింపు వస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. నీలం బండ కాలుతుంది, అందులో దాపరికం లేదు. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లితే కూర్చోడానికి హాయిగా ఉంటుంది. ఆ వేడి మిరపకాయలకి మాత్రం వరం, పాత చీర పరిచి పోస్తే డాబా ఎక్కే పని లేకుండా గలగలలాడేలా ఎండాయి.

అరమార్కు ఎక్కడ తగ్గించానంటే పులుపు దగ్గర. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మకాయ పిండిన చోట, చింతపండు పులుసు ఒలికిన చోట వెంటనే కడగకపోతే తెల్లగా మచ్చ పడుతుంది, అది మరక కాదు, రాయి పైపొర కరిగిపోయిందని అర్థం, రుద్దితే పోదు. ఆవకాయ ఇక్కడ కలపాలనుకునేవాళ్లు కింద ప్లాస్టిక్ షీటు వేసుకోండి, నూనె కూడా రాయిలోకి దిగుతుంది. ఇనప కుర్చీల కాళ్లకి రబ్బరు తొడుగులు లేకపోతే తుప్పు మరకలు. అన్నిటికంటే ముఖ్యం, బాత్రూం కడిగే యాసిడ్ ఈ బండల దరిదాపుల్లోకి రానివ్వద్దు. ఇల్లు కట్టాక సిమెంటు మరకలు పోవాలని మేస్త్రీలే యాసిడ్ పోయించి బండల్ని పాడుచెయ్యడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. నమ్మకం లేకపోతే విరిగిన ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి, బుసబుసా నురగ వస్తుంది, ఆ నురగతో పాటే రాయి పోతోంది. మామూలు సబ్బు నీళ్లు చాలు. హార్డ్‌వేర్ షాపులో సీలర్ (రాయికి పూసే రక్షణ పూత) డబ్బా అంటగట్టబోయారు, కూర్చునే చోటికి నాకు అవసరం అనిపించలేదు. వంట కూడా ఆరుబయటే చేసేవాళ్లు కొనొచ్చు, దాంతో నూనె అంత త్వరగా లోపలికి దిగదు, పులుపు మాత్రం సీలర్ ఉన్నా రాయిని తినేస్తుంది.

దీని మీద కారు పెట్టొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పెట్టకండి. ఇది మనుషులు నడవడానికి, కుర్చీలకి, కుండీలకి సరిపోయే ఏర్పాటు. కారుకి కింద కాంక్రీటు కావాలి, పైన రాయి రెండించుల పైమాటే ఉండాలి, నల్లరేగడిలో అయితే ఇంజనీరుని అడిగి చెయ్యాలి. నడవడానికే అనుకుంటే రఫ్ నీలం, ఒకే మందం ఏరుకుని, ఐదు బండలు ఎక్కువ తెచ్చుకోండి. ఎండాకాలంలోనే, వానలు మొదలయ్యే లోపు కొనండి, తవ్విన గుంతలో నీళ్లు నిలిస్తే దసరా దాకా పని ముందుకి కదలదు.